ఆర్డర్ వచ్చింది సరే, డబ్బు చేతికొచ్చేదాకా నిలబడేదెలా?

విదేశాలకు అమ్మాలనుకునే చిన్న వ్యాపారులకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఆర్డర్ సంపాదించడం చుట్టూనే తిరుగుతుంది. మంచి వెబ్‌సైట్ పెట్టండి, ఫొటోలు బాగా తీయించండి, ట్రేడ్ ఫెయిర్లకి వెళ్లండి, మెయిల్‌కి ఆలస్యం లేకుండా జవాబివ్వండి అంటారు. అన్నీ పనికొచ్చే మాటలే. కానీ బయ్యర్ దొరక్క ఆగిపోయినవాళ్లు ఉన్నట్టే, బయ్యర్ దొరికాక మునిగిపోయినవాళ్లూ ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ వ్యాసం ఆ రెండో రకం వాళ్ల గురించి.

ప్రపంచ వాణిజ్య సంస్థ 2016లో ఇచ్చిన ఒక నివేదికలో ఒక లెక్క ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో, తయారీ రంగంలోని చిన్న, మధ్యతరహా సంస్థల మొత్తం అమ్మకాల్లో నేరుగా చేసే ఎగుమతుల వాటా 7.6 శాతం. పెద్ద సంస్థల్లో అది 14.1 శాతం. ఈ తేడా చూడగానే చిన్నవాళ్ల సరుకులో నాణ్యత ఉండదనో, వాళ్లకి ధైర్యం చాలదనో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అదే చిన్న యూనిట్‌లో తయారైన సరుకు ఒక పెద్ద ఎగుమతిదారు పేరు మీద అదే దేశానికి వెళ్లి అమ్ముడుపోవడం మామూలుగా జరిగే పనే. సరుకు దాటగలిగిన సరిహద్దుని సంస్థ దాటలేకపోతోందంటే అడ్డు ఇంకెక్కడో ఉంది. ఆర్డర్ ఖాయమైన రోజుకీ డబ్బు ఖాతాలో పడే రోజుకీ మధ్య ఉన్న కాలంలో ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఏదైనా జరిగితే ఎవరి నెత్తిన పడుతుంది అనే చోటే నాకు ఆ అడ్డు కనిపిస్తుంది.

ముందు ఖర్చు సంగతి. ఎగుమతికి అయ్యే ఖర్చుల్లో చాలావాటికి సరుకు ఎంత అన్నదానితో పని లేదు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఎక్కడ తయారైందో చెప్పే సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, బ్యాంకు చార్జీలు, ఇవన్నీ పది పెట్టెలు పంపినా నిండు కంటైనర్ పంపినా ఇంచుమించు అంతే అవుతాయి. ఉదాహరణకి ఒక షిప్‌మెంట్‌కి ఇవన్నీ కలిపి 600 డాలర్లు అనుకుందాం. 60,000 డాలర్ల సరుకు మీద అది 1 శాతం, ఎవరికీ కనిపించనే కనిపించదు. 4,000 డాలర్ల సరుకు మీద అదే 15 శాతం. మార్జిన్ మొత్తం అక్కడే పోతుంది. ఫ్యాక్టరీలో పైసా పైసా మిగిల్చి ధర తగ్గించుకున్న మనిషి, ఒక ముద్ర దగ్గర, ఒక సంతకం దగ్గర పోటీలో వెనకబడిపోతాడు. చిన్నగా మొదలుపెట్టి నెమ్మదిగా పెరుగుదాం అనే మంచి ఆలోచనకి ఎగుమతిలో శిక్ష పడేది ఇలాగే.

అయినా ఇది కాస్త ఓర్చుకోగలిగిన బాధ, ఎందుకంటే ముందే లెక్క కట్టొచ్చు. కాలం అలా కాదు.

సరుకు తయారుచేయడానికి 45 రోజులు, ఓడలో 35 రోజులు, చేరాక బయ్యర్ అడిగిన అప్పు గడువు 60 రోజులు అనుకుందాం. మొత్తం 140 రోజులు. ఈ 140 రోజులూ ముడిసరుకు, జీతాలు, రవాణా అన్నీ మీ జేబులోంచి లేదా అప్పులోంచి వెళ్లాలి. ఏడాదికి 15 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బైతే, పెట్టిన దానిలో దాదాపు 5.8 శాతం వడ్డీకే పోతుంది. ఇదే సరుకు తయారుచేసే ధనిక దేశపు పోటీదారు 5 శాతానికి అప్పు తెచ్చుకుంటే అతనికి పడేది 1.9 శాతం. ఇద్దరికీ 10 శాతం మార్జిన్ ఉన్న వ్యాపారంలో ఒకడు దాన్లో సగానికి పైగా బ్యాంకుకి కట్టి మొదలవుతున్నాడు. పైగా గడువు పెంచమని అడిగేది సాధారణంగా పెద్ద బయ్యర్లే. తక్కువ వడ్డీకి డబ్బు దొరికే పెద్ద సంస్థకి, ఎక్కువ వడ్డీకి కూడా డబ్బు దొరకని చిన్న సంస్థ అప్పు ఇస్తోందన్నమాట. ఇందులో ఉన్న అన్యాయం గురించి వాణిజ్య సదస్సుల్లో ఇంకా గట్టిగా మాట్లాడాలి.

వడ్డీ ఎక్కువైనా అప్పు దొరికితే అదృష్టమే అనే పరిస్థితి కూడా ఉంది. ప్రపంచవ్యాప్తంగా వ్యాపారులు అడిగిన ట్రేడ్ ఫైనాన్స్‌కీ బ్యాంకులు ఇచ్చినదానికీ మధ్య తేడా 2022లో 2.5 లక్షల కోట్ల డాలర్లు అని ఆసియా అభివృద్ధి బ్యాంకు అంచనా వేసింది. 2018లో ఇదే అంచనా 1.5 లక్షల కోట్లు. బ్యాంకులకి చిన్నవాళ్ల మీద పగేమీ లేదు. కస్టమర్ ఎవరో, అతని బయ్యర్ ఎవరో, ఆ దేశం మీద ఆంక్షలేమైనా ఉన్నాయో చూడటానికి బ్యాంకుకి అయ్యే పని 10 వేల డాలర్ల అప్పుకైనా 10 లక్షల డాలర్ల అప్పుకైనా ఒకటే. మళ్లీ అదే పాత లెక్క, చిన్న మొత్తం మీద పెద్ద స్థిర ఖర్చు. దానికి తోడు బ్యాంకులు తాకట్టుగా భూమో భవనమో అడుగుతాయి. చేతిలో ఖాయమైన ఆర్డర్ ఉన్నా, బయ్యర్ పేరున్న సంస్థ అయినా, ఆ కాగితాన్ని ఆస్తిగా చూసే అలవాటు చాలా బ్యాంకులకి ఇంకా రాలేదు.

ఇక్కడ ఎల్‌సీ ఉంది కదా అంటారు. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే బయ్యర్ ఇవ్వకపోయినా బ్యాంకు ఇస్తుంది అన్నది నిజమే, కానీ సగం నిజం. ఎల్‌సీలను నడిపించే నియమాలు అంతర్జాతీయ వాణిజ్య మండలి, అంటే ఐసీసీ, తెచ్చిన యూసీపీ 600, 2007 నుంచి అమల్లో ఉన్నవి. వాటిలో ఐదో నిబంధన చాలా సూటిగా ఉంటుంది. బ్యాంకులకు కాగితాలతోనే పని, సరుకుతో కాదు. కాగితాలు చూసి అవునో కాదో చెప్పడానికి బ్యాంకుకి గరిష్ఠంగా ఐదు పనిదినాలు. ఎల్‌సీలో రాసిన ఆఖరు తేదీకి ఒక్కరోజు ఆలస్యంగా సరుకు ఓడెక్కినా, సరుకు వివరణ ఇన్వాయిస్‌లో ఒకలా ఎల్‌సీలో ఇంకోలా ఉన్నా, బీమా కాగితం తేదీ షిప్‌మెంట్ తర్వాతిదైనా, దాన్ని డిస్క్రిపెన్సీ అంటారు. అప్పుడు డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకు మీద నుంచి తొలగిపోతుంది, నిర్ణయం బయ్యర్ చేతిలోకి వెళ్తుంది. అప్పటికి మార్కెట్లో ధర పడిపోయి ఉంటే బయ్యర్ ఏమంటాడో చెప్పక్కర్లేదు, సరుకేమో అక్కడి పోర్టులో ఉంటుంది, దాన్ని వెనక్కి తెచ్చుకునే ఖర్చు భరించలేరు కాబట్టి అడిగినంత తగ్గించి ఇచ్చేస్తారు. పెద్ద సంస్థలో ఈ కాగితాలే చూసే విభాగం ఒకటి ఉంటుంది. చిన్న సంస్థలో ఫ్యాక్టరీ నడిపే మనిషే రాత్రిపూట కూర్చుని ఇవి తయారుచేస్తాడు. నన్నడిగితే మొదటి రెండు మూడు ఎల్‌సీలకి, ఎంత ఖర్చయినా సరే, అనుభవం ఉన్న మనిషితో కాగితాలు చూపించుకోవాలి. ఇంకో మాట, ఎల్‌సీ డ్రాఫ్ట్ వచ్చినప్పుడే మీ వల్ల కాని షరతుల్ని మార్చమని అడగాలి. ఖాయమయ్యాక మార్చడానికి అందరూ ఒప్పుకోవాలి, ప్రతి మార్పుకీ చార్జీ ఉంటుంది.

డబ్బు రావడమే కాదు, వచ్చే దారి కూడా సన్నబడుతోంది. ఒక దేశపు బ్యాంకు నుంచి ఇంకో దేశపు బ్యాంకుకి డబ్బు వెళ్లాలంటే మధ్యలో కరస్పాండెంట్ బ్యాంకులు ఉండాలి. 2011, 2018 మధ్య ఈ బ్యాంకుల సంఖ్య దాదాపు 20 శాతం తగ్గిందని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు లెక్కల్లో తేలింది. మనీలాండరింగ్ నిబంధనలు కఠినమయ్యాక, చిన్న దేశాలతో సంబంధం పెట్టుకుంటే వచ్చే లాభం కంటే జరిమానా భయమే ఎక్కువైందని పెద్ద బ్యాంకులు తప్పుకున్నాయి. పర్యవసానంగా పక్కపక్క దేశాల మధ్య చెల్లింపు కూడా ఎక్కడో దూరపు బ్యాంకు చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, రెండుసార్లు కరెన్సీ మారుతుంది, ప్రతి మలుపులో కొంత తరుగు. ఆఫ్రికాలో ఈ చిక్కు విప్పడానికే 2022 జనవరిలో పాప్స్ అనే చెల్లింపుల వ్యవస్థను ప్రారంభించారు. సొంత కరెన్సీలో కడితే అవతలివాళ్లకి వాళ్ల కరెన్సీలో చేరేలా దాన్ని రూపొందించారు. బ్యాంకులు ఎన్ని చేరతాయి, వ్యాపారులు ఎంత వాడతారు అన్నదాని మీద దాని ఫలితం ఉంటుంది. కానీ ఆలోచన సరైన చోటే మొదలైందని నా నమ్మకం.

కరెన్సీ గురించి ఒక అపోహ ఉంది. సొంత కరెన్సీ పడిపోతే ఎగుమతిదారుకి పండగే అనుకుంటారు. ఈజిప్టులో 2024 మార్చి 6న డాలర్ విలువ ఒక్కరోజులో 31 పౌండ్ల దగ్గర నుంచి దాదాపు 50 పౌండ్లకి చేరింది. డాలర్లలో అమ్మేవాడికి వినడానికి బాగానే ఉంటుంది. అయితే అతను వాడే దారం, రసాయనం, ప్యాకింగ్ కాగితం, యంత్రం విడిభాగం వేరే దేశం నుంచి వచ్చేవైతే, వాటిని అప్పు మీద తెచ్చి ఉంటే, ఆ బాకీ రాత్రికి రాత్రి అంతే మేర పెరుగుతుంది. డాలర్లు వచ్చేది నాలుగు నెలల తర్వాత, సప్లయర్‌కి కట్టాల్సింది వచ్చే వారం. పెద్ద సంస్థలు బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసుకుని రేటు ముందే ఖాయం చేసుకుంటాయి. చిన్న మొత్తాలకి బ్యాంకులు అది ఇవ్వవు, ఇచ్చినా హామీగా ముందే కొంత డిపాజిట్ అడుగుతాయి. చిన్నవాళ్లకి మిగిలే మార్గం ఒకటుంది: వచ్చే డాలర్లనీ కట్టాల్సిన డాలర్లనీ వీలైనంత దగ్గర తేదీలకి తెచ్చుకోవడం, కొటేషన్‌కి గడువు పెట్టడం. 15 రోజుల తర్వాత ఈ ధర చెల్లదు అని రాయడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. బయ్యర్లకి అది మామూలు విషయం, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు నిబంధనల సంగతికి వద్దాం. చెక్క ప్యాలెట్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పురుగులు, తెగుళ్లు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్యాకింగ్ చెక్కను వేడితో శుద్ధి చేస్తే, లోపలి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగలాలి, చేసినట్టు ముద్ర ఉండాలి. ముద్ర లేని ప్యాలెట్ మీద ఎంత గొప్ప సరుకున్నా దాన్ని ఆపేయొచ్చు, వెనక్కి పంపేయొచ్చు. సరుకు గురించి నూరు పరీక్షలు చేయించిన మనిషి కింద పెట్టిన చెక్క దగ్గర దొరికిపోతాడు.

ఆహార పదార్థాల్లో ఇంకా కఠినం. యూరోపియన్ యూనియన్‌లో ప్రత్యేకంగా పరిమితి పెట్టని పురుగుమందు అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక చిన్న ప్రాసెసింగ్ యూనిట్ వందమంది రైతుల దగ్గర కొని కలుపుతుంది. అందులో ఒకరు కొట్టిన మందు మొత్తం లోడ్‌ని పాడుచేయగలదు. పైగా ఒకరి తప్పుకి ఊరందరికీ జరిమానా పడటం కూడా ఇక్కడ ఉంది. 2020లో భారత్ నుంచి వెళ్లిన కొన్ని నువ్వుల్లో క్రిముల్ని చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం దొరికితే, ఆ ఏడాది అక్టోబర్ నుంచి యూరప్ ఆ దేశపు నువ్వుల కన్‌సైన్‌మెంట్లలో 50 శాతం తనిఖీ చేయాలని నిర్ణయించింది, ప్రతి దానికీ ల్యాబ్ ఫలితాలూ ప్రభుత్వ ధ్రువపత్రమూ జతచేయాలంది. వినియోగదారుల ఆరోగ్యం దృష్ట్యా అది అన్యాయం అనలేను. కానీ జాగ్రత్తగా పండించి, జాగ్రత్తగా పంపిన చిన్న ఎగుమతిదారుకి కూడా పరీక్ష ఖర్చు, పోర్టులో వేచి ఉండే రోజులు పెరిగాయి. ఆ 140 రోజుల లెక్కలో ఇవీ వచ్చి చేరతాయి.

ఆహారం కాని వస్తువులకీ 2024 డిసెంబర్ 13 నుంచి యూరప్‌లో కొత్త సాధారణ ఉత్పత్తి భద్రతా నిబంధన అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అక్కడ అమ్మే వినియోగ వస్తువుకి యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్న ఒక బాధ్యుడు ఉండాలి, ఆ పేరూ చిరునామా వస్తువుతో పాటు కనిపించాలి. దిగుమతిదారు ఉంటే ఆ బాధ్యత అతనిది. నేరుగా వినియోగదారుడికి పార్శిల్ పంపే చిన్న చేతివృత్తి సంస్థ మాత్రం డబ్బిచ్చి ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి. మళ్లీ స్థిర ఖర్చే.

ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ గోల ఉండదని చాలామంది ఆశపడతారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చిన్నచిన్న పార్శిళ్లు ఎక్కువగా నడిచింది డ్యూటీ మినహాయింపుల మీద. అమెరికాలో 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్శిల్‌కి సుంకం ఉండేది కాదు. చైనా, హాంకాంగ్ పార్శిళ్లకి 2025 మే 2న, మిగతా దేశాలన్నిటికీ ఆగస్టు 29న ఆ మినహాయింపు ఆపేశారు. సుంకం ఎవరు వసూలు చేయాలో ఎలా కట్టాలో స్పష్టత లేక చాలా దేశాల తపాలా శాఖలు అమెరికాకు పార్శిళ్లు తీసుకోవడమే కొంతకాలం మానేశాయి. దాని మీదే బతుకుతున్న చిన్న అమ్మకందారుకి వ్యాపారం ఒక్క వారంలో ఆగిపోయినట్టే. యూరప్‌లో 22 యూరోల లోపు వస్తువులకి ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జూలై 1నే పోయింది. అమెరికా లోపల అమ్మకపు పన్ను ఇంకో చిక్కు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన వేఫెయిర్ తీర్పు తర్వాత, రాష్ట్రంలో ఆఫీసు లేకపోయినా అమ్మకాలు ఒక స్థాయి దాటితే ఆ రాష్ట్రం పన్ను వసూలు చేయమనొచ్చు. ఆ కేసులో సౌత్ డకోటా గీసిన గీత లక్ష డాలర్ల అమ్మకాలు లేదా 200 లావాదేవీలు. అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రాలు 45. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో అమ్మితే సాధారణంగా ఈ వసూలు వాళ్లే చూసుకుంటారు, సొంత వెబ్‌సైట్లో అమ్మితే మీరే చూసుకోవాలి. వాపసు వచ్చిన వస్తువు సంగతి అడగొద్దు, దాన్ని వెనక్కి తెప్పించుకునే ఖర్చు చాలాసార్లు దాని ధరని మించుతుంది. కాబట్టి డబ్బు తిరిగిచ్చి వస్తువు వదులుకోవాల్సిందే, ధర పెట్టేటప్పుడే ఆ నష్టాన్ని కలుపుకోవాలి.

సుంకాల్లో వచ్చే ఇలాంటి కుదుపులు కొత్తేమీ కాదు. వర్ధమాన దేశాల సరుకుకి సుంకం లేకుండా చేసే, అమెరికా ఇచ్చే జీఎస్‌పీ రాయితీని భారత్ 2019 జూన్ 5న కోల్పోయింది. ఆ పథకమే 2020 డిసెంబర్ 31తో గడువు తీరింది. అలాంటి రాయితీ ఉందని నమ్మి ధర కట్టి ఆర్డర్ తీసుకుంటే, సరుకు సముద్రం మీద ఉండగా నిబంధన మారితే? పెద్ద సంస్థకి ఇంకో దేశంలో ఫ్యాక్టరీ ఉంటుంది, ఇంకో బయ్యర్ ఉంటాడు. చిన్న సంస్థకి సాధారణంగా ఒక దేశం, ఒకరిద్దరు బయ్యర్లు. అందుకే సుంకం పెరిగితే ఎవరు భరించాలో కాంట్రాక్టులో ఒక్క వాక్యం రాసుకోవడం వకీలు ఫీజుకి తగిన పని.

ఆ మాటకొస్తే ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో చెప్పే మూడక్షరాల మాటలు, ఇన్‌కోటర్మ్స్, చాలామంది అలవాటుగా వాడేస్తారు. 2020 నాటి రూపంలో ఇవి 11 ఉన్నాయి. అందరి నోటా వినిపించేది ఎఫ్‌ఓబీ. అందులో సరుకు ఓడెక్కేదాకా రిస్క్ అమ్మినవాడిదే. కంటైనర్ సరుకు అయితే మీరు దాన్ని టెర్మినల్‌లో అప్పగించి వచ్చేస్తారు, ఓడ ఐదారు రోజుల తర్వాత రావొచ్చు, ఆ రోజుల్లో ఏమైనా జరిగితే మీ చేతిలో లేని సరుకుకి మీరే బాధ్యులు. అందుకే కంటైనర్లకి, రవాణా సంస్థకి అప్పగించగానే రిస్క్ బయ్యర్‌కి మారే ఎఫ్‌సీఏ వాడమని ఐసీసీయే చెబుతుంది. డీడీపీ అని బయ్యర్ అడిగితే మరింత జాగ్రత్త. అతని గుమ్మం దాకా రవాణా, అక్కడి సుంకం, అక్కడి పన్ను అన్నీ మీవే. మీకు రిజిస్ట్రేషనే లేని దేశంలో పన్ను కట్టడానికి ఒప్పుకున్నట్టు.

బీమా లేకుండా పంపేవాళ్లకి ఎవర్ గివెన్ ఓడ ఉదంతం చెప్పాలి. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది. తర్వాత ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. ఓడనీ సరుకునీ కాపాడటానికి అయిన ఖర్చుని ఓడ యజమానీ, ఓడలో సరుకున్న వాళ్లందరూ ఓడ, సరుకు విలువను బట్టి పంచుకోవాలన్న పాత సముద్ర నియమం ఇది. ఓడలో 18 వేలకు పైగా కంటైనర్లున్నాయి. ఓడను ఈజిప్టు జూలై 7న గానీ వదల్లేదు. ఇలాంటప్పుడు బీమా ఉంటే బీమా కంపెనీ పూచీకత్తు ఇస్తుంది. లేకపోతే సరుకు విడిపించుకోవడానికి ముందు డబ్బు డిపాజిట్ కట్టాలి, మీ తప్పు ఏమాత్రం లేకపోయినా. అదే ఏడాది సెప్టెంబర్ నాటికి ప్రధాన మార్గాల్లో 40 అడుగుల కంటైనర్ సగటు రేటు 10 వేల డాలర్లు దాటింది, కోవిడ్‌కి ముందు అది 2 వేల లోపే ఉండేది. ఏడాది కాంట్రాక్టులున్న పెద్ద కంపెనీలకి కొంత రక్షణ దొరికింది. అప్పటికప్పుడు రేటుకి బుక్ చేసుకునే చిన్నవాళ్లకి ఆ రేటు కట్టడమో ఆర్డర్ వదులుకోవడమో తప్ప మార్గం లేదు.

బ్రాండ్ పేరు విషయం చిన్నగానే చెబుతాను. ట్రేడ్‌మార్క్ హక్కు దేశం దేశానికీ వేరు, మీ దేశంలో రిజిస్టర్ చేస్తే అక్కడికే. చైనా లాంటి చోట్ల ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు. మీ పేరు మీద మీ డిస్ట్రిబ్యూటరే రిజిస్టర్ చేసుకుంటే, అతన్ని మార్చాలనుకున్న రోజున మీ పేరుతో మీరు అమ్ముకోలేరు. సొంత దేశంలో దరఖాస్తు పెట్టిన ఆరు నెలల్లోపు మేధో సంపత్తి హక్కుల మీద ఉన్న పారిస్ ఒప్పందంలోని వేరే దేశాల్లో పెడితే మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. ట్రేడ్‌మార్క్‌ల అంతర్జాతీయ నమోదుకి ఉన్న మాడ్రిడ్ వ్యవస్థ ద్వారా ఒకే దరఖాస్తుతో 130కి పైగా దేశాల్లోంచి కావలసినవి ఎంచుకోవచ్చు. అత్యల్ప అభివృద్ధి చెందిన దేశాలవారికి దాని ప్రాథమిక రుసుము పదో వంతే. డిస్ట్రిబ్యూటర్‌తో మాటలు మొదలుకాకముందే చేయాల్సిన పని ఇది.

గొడవ వస్తే కోర్టుకి వెళ్దాంలే అనుకోవద్దు. మీ దేశపు కోర్టు తీర్పు బయ్యర్ దేశంలో అమలవుతుందన్న హామీ లేదు. మధ్యవర్తిత్వ తీర్పులకి మాత్రం 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం వల్ల 170కి పైగా దేశాల్లో గుర్తింపు ఉంది. అయితే 8 వేల డాలర్ల బాకీ కోసం మధ్యవర్తిత్వం నడిపితే ఖర్చు బాకీని మించిపోతుంది, ఇది తెలిసిన బయ్యర్లు కొందరు చివరి 10 శాతం ఎగ్గొట్టడాన్ని అలవాటు చేసుకుంటారు కూడా. చిన్న మొత్తాలకి చట్టం కంటే అడ్వాన్సే రక్షణ. 30 శాతం ముందు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే, సరుకు విడిపించుకోవడానికి కావలసిన కాగితం) కాపీ చూపించాక, అసలు కాగితం డబ్బు అందాకే పంపడం అనే పద్ధతి అందుకే నిలిచి ఉంది. ఒప్పుకోని బయ్యర్లుంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అలాంటివాళ్లని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎంత పెద్ద పేరైనా సరే.

నమ్మకం పెరగాలంటే ఎదురుగా కలవాలి, అది కూడా అందరికీ ఒకేలా లేదు. ధనిక దేశపు వ్యాపారి చాలా దేశాలకి టికెట్ కొనుక్కుని వెళ్లిపోతాడు. చాలా వర్ధమాన దేశాల వ్యాపారికి ముందు వీసా కావాలి. యూరప్‌లోని చాలా దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. వీసా సమయానికి రాకపోతే ట్రేడ్ ఫెయిర్‌లో స్టాల్‌కి కట్టిన డబ్బు పోయినట్టే.

మరి ఏం చేయాలి? 1977లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించిన ఒక క్రమం నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. సంస్థలు ముందు తమకు అర్థమయ్యే దేశాలకి వెళ్తాయి, అక్కడ నేర్చుకున్నదాని మీద నిలబడి ఇంకొంచెం దూరం వెళ్తాయి. దగ్గర అంటే కిలోమీటర్లే కాదు, భాష, చట్టం, వ్యాపారం చేసే తీరు కూడా. దగ్గరి దేశానికి పంపితే ఓడ ప్రయాణం 35 రోజులకి బదులు 7 రోజులే కావొచ్చు, 140 రోజుల లెక్క అక్కడే తగ్గుతుంది. లేబుల్ మీద ధనిక దేశం పేరు ఉంటే గొప్పగా ఉంటుందని మొదటి ఎగుమతికే కఠినమైన మార్కెట్‌ని ఎంచుకోవడం డబ్బుకి మంచిది కాదు. పెద్ద ఎగుమతిదారు ద్వారా పంపడాన్ని కూడా చిన్నతనంగా చూడక్కర్లేదు. మార్జిన్ తక్కువే, కానీ ఏ పరీక్షలు అడుగుతున్నారు, ఏ కాగితం దగ్గర ఆగుతోంది అన్నది వాళ్ల ఖర్చుతో నేర్చుకోవచ్చు.

ప్రభుత్వాల వంతు కూడా చాలా ఉంది. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో అడ్వాన్స్ రూలింగ్ అనే ఏర్పాటు ఉంది. సరుకు పంపకముందే, దాన్ని ఏ కోడ్ కింద వర్గీకరిస్తారో దిగుమతి దేశపు కస్టమ్స్‌ని రాతపూర్వకంగా అడిగితే వాళ్లిచ్చే జవాబుకి వాళ్లు కట్టుబడాలి. సుంకం ఎంత పడుతుందో అన్న టెన్షన్ దీంతో చాలావరకు పోతుంది, కానీ చిన్న వ్యాపారుల్లో ఇది తెలిసినవాళ్లు తక్కువ. ఏ దేశంలో ఏ వస్తువుకి ఎంత సుంకం, ఏ నిబంధనలు అన్నది జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం గ్లోబల్ ట్రేడ్ హెల్ప్‌డెస్క్ ద్వారా ఉచితంగానే ఇస్తోంది. అప్పు విషయంలో మెక్సికో ప్రభుత్వ బ్యాంకు నాఫిన్ 2001లో మొదలుపెట్టిన పద్ధతి చూడాలి. పెద్ద కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లుని ఆధారంగా పెట్టుకుని చిన్న సప్లయర్‌కి ముందే డబ్బిస్తారు, రిస్క్‌ని లెక్కించేది పెద్ద సంస్థ పరపతిని బట్టి. తాకట్టుకి భూమి లేని సంస్థకి దారి చూపించేది ఇలాంటి ఏర్పాటే.

చివరిగా, అందరూ సంతోషించే సమయంలోనే వచ్చే ప్రమాదం ఒకటుంది. మొదటి షిప్‌మెంట్ బాగుంది, ఇకపై నెలనెలా పంపండి అని బయ్యర్ రాస్తాడు. 140 రోజుల చక్రంలో మొదటి ఆర్డర్ డబ్బు వచ్చేలోపు ఐదో ఆర్డర్ పని మొదలైపోయి ఉంటుంది, అంటే ఒక ఆర్డర్‌కి సరిపోయే పెట్టుబడి ఉన్న సంస్థ ఐదు ఆర్డర్లకి డబ్బు పెట్టాలి. ఆర్డర్లు నిండుగా, పుస్తకాల్లో లాభంతో, జీతాలివ్వడానికి చేతిలో డబ్బు లేక మూతపడటం ఇలాగే జరుగుతుంది. అలాంటి మెయిల్ వచ్చినప్పుడు ఒప్పుకునే ముందు ఒక కాగితం మీద వారం వారం డబ్బు ఎప్పుడు వెళ్తుందో ఎప్పుడు వస్తుందో రాసుకోండి. ఏ వారంలోనైనా మొత్తం సున్నా కిందికి వెళ్తే ఆ సంగతి బయ్యర్‌కే చెప్పండి. నెలనెలా కాకుండా రెండు నెలలకోసారి పంపుతామని అడగొచ్చు, 60 రోజుల గడువుని 30కి తగ్గిస్తే ఒక శాతం తగ్గింపు ఇస్తామనొచ్చు, ముడిసరుకు ఖర్చు మేరకు అడ్వాన్స్ అడగొచ్చు. సరుకు నచ్చిన బయ్యర్ ఈ మూడింటిలో ఏదో ఒకటి ఒప్పుకునే అవకాశం బాగానే ఉంటుంది, ఎందుకంటే మధ్యలో మూతపడే సప్లయర్ వల్ల అతనికీ నష్టమే.